దిగిపోయేవారికి దండ

(మద్దికెర నుండి రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగము: 1 సమూయేలు 12:1–5, 23

 ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ, ఆలూరు ప్రాంతాల నుండి వింటున్నవారికీ, గుంటూరు వైపు సుగ్గికి వెళ్లి గుడిసెల్లో పడుకునే ముందు సెల్ ఫోనులో వింటున్న మన అన్నలకూ అక్కలకూ ప్రత్యేకమైన వందనములు.  

ఈ దినము మనం ధ్యానించబోయే విషయం రెండు ప్రశ్నలుగా మీ ముందు పెడతాను. చాలా కాలం మన కోసం పాటుపడి, ఇక చాలని పనిలోనుండి దిగిపోయే మనిషిని మనం ఎలా సాగనంపాలి? ఇది మొదటిది. ఆ దిగిపోయే మనిషి ఎలా దిగిపోవాలి? ఇది రెండవది. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెదకడానికి ముందుగా మిమ్మల్ని ఒక ఆట మైదానానికి తీసుకొని వెళ్తాను.

"పాస్టరు గారు రేడియోలో క్రికెట్ గురించి చెప్తారా?" అని ఎవరైనా అనుకోవచ్చు. అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయంలో పరుగు పందెములో పరుగెత్తేవాడి గురించి, ముష్టియుద్ధం చేసేవాడి గురించి చెప్పాడు గదా! కొరింథుకు దగ్గరలోనే ఇస్త్మియా ఆటలు జరిగేవి. గెలిచినవాడి తలకు ఆకులతో చేసిన కిరీటం పెట్టేవారు. కొద్ది రోజులకే అది వాడిపోయేది. ఆ జనం కళ్లారా చూసిన సంగతినే పట్టుకొని పౌలు వారికి పాఠం చెప్పాడు. మన జనం కళ్లారా చూసిన సంగతి ఒకటి మనమూ చూద్దాం.

2012 ఆగస్టు 18వ తేదీ, శనివారం. హైదరాబాదు ఉప్పల్ స్టేడియంలో మన తెలుగువాడు వి.వి.ఎస్. లక్ష్మణ్ గారు పత్రికలవాళ్లను పిలిచి, అంతర్జాతీయ క్రికెట్ నుండి తప్పుకుంటున్నానని చెప్పారు. అప్పటికి ఆయనకు 37 ఏళ్లు. ఆ మాటలు చెప్తూ ఆయన గొంతు పూడుకుపోయింది. గమనించండి, మరో 5 రోజుల్లో, అంటే ఆగస్టు 23న, అదే మైదానంలో న్యూజీలాండుతో టెస్ట్ మ్యాచ్ మొదలు కావాలి. జట్టులో ఆయన పేరు ఉంది. తన ఊరు, తన జనం, తన మైదానం. ఆ మ్యాచ్ ఆడి, చివరి రోజు బ్యాటు పైకెత్తి, జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతుండగా వెళ్లిపోయి ఉండవచ్చు. ఎవరూ కాదనేవారు కారు. అయినా ఆయన ఆగలేదు. ఇదే సమయమని తన మనస్సు చెప్తున్నదని, రాబోయే సిరీస్‌ల కోసం చిన్నవాళ్లకు చోటివ్వాలని చెప్పి, ఆ రోజే తప్పుకొన్నారు.

ఆ సాయంత్రం తెలుగు నాట ఎన్ని టీ హోటళ్లలో, ఎన్ని బస్టాండుల్లో ఇదే మాట నడిచింది! "ఒక్క మ్యాచ్ ఆడిపోతే ఏమయ్యేది సామీ?" అని ఎంతమంది బాధపడ్డారు! మనవాడిని మన ఊళ్లో చివరిసారి చూడాలని ఆశపడినవాళ్లకు ఆ ఆశ తీరలేదు. కాబట్టి మ్యాచ్ లేకుండానే జనం తమ నోటితోనే ఆయనకు సన్మానం చేశారు. కలకత్తాలో ఆయన చేసిన 281 పరుగులను మళ్లీ మళ్లీ చెప్పుకొన్నారు.

ఆ 281 ఏమిటో చిన్నపిల్లలకు తెలియకపోవచ్చు గనుక చెప్తాను. 2001 మార్చి నెల. ఆస్ట్రేలియా అప్పటికి వరుసగా 15 టెస్టులు గెలిచి మన దేశానికి వచ్చింది. ముంబైలో మొదటి టెస్టు కూడా గెలిచింది. కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మొదటి ఇన్నింగ్స్‌లో మనవాళ్లు 171 పరుగులకే కుప్పకూలారు. ఫాలో ఆన్ ఆడవలసి వచ్చింది. ఇక ఓటమి ఖాయమని అందరూ అనుకొంటున్నప్పుడు లక్ష్మణ్, రాహుల్ ద్రవిడ్ జతకట్టారు. మార్చి 14న, నాలుగో రోజు పొద్దున మొదలుకొని సాయంకాలం వరకు ఒక్క వికెట్టు కూడా పడలేదు. ఇద్దరూ కలిసి 376 పరుగులు చేశారు. లక్ష్మణ్ 281, ద్రవిడ్ 180. మరుసటి రోజు మన జట్టు 171 పరుగుల తేడాతో గెలిచింది. ఫాలో ఆన్ ఆడి గెలవడం టెస్టు చరిత్రలో అప్పటికి మూడవసారి మాత్రమే.

ఇంకొకటి 2010 అక్టోబరులో మొహాలీలో జరిగింది. మళ్లీ ఆస్ట్రేలియాయే. గెలవడానికి 216 పరుగులు కావాలి, 124 పరుగులకే 8 వికెట్లు పోయాయి. లక్ష్మణ్ గారికి నడుము పట్టేసి పరుగెత్తలేని స్థితి. తన బదులు పరుగెత్తడానికి ఇంకొకరిని పెట్టుకొని, 73 పరుగులతో నిలబడి, ఒక్క వికెట్టు మిగిలి ఉండగా గెలిపించారు. ఎన్నడూ కోపపడని మనిషి ఆ రోజు చివరి జతగాడు ప్రజ్ఞాన్ ఓఝా మీద పెద్దగా కేకలు వేశారు. జనం దాన్ని ఈనాటికీ నవ్వుకొంటూ చెప్పుకొంటారు. ఎందుకు? మెత్తని మనిషికి కూడా గెలుపు మీద ఎంత ఆత్రుత ఉందో అందరికీ తెలిసింది గనుక.

మొత్తం 134 టెస్టులు, 8781 పరుగులు, 17 సెంచరీలు. కానీ వన్డే ప్రపంచ కప్పులో ఆయన ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2003 ప్రపంచ కప్పు జట్టులో చోటు దొరకలేదు. అంత గొప్పవాడికి కూడా చేతికందనిది ఒకటి ఉంది. ఇది మనసులో ఉంచుకోండి, మళ్లీ దీని దగ్గరకు వస్తాను.

ప్రియులారా, ఇక్కడ మనం మెల్లగా ఆలోచించవలసిన సంగతి ఒకటి ఉంది. 2012 ఆగస్టులో ఆయనను పొగిడిన నోళ్లు అంతకు 7 నెలల ముందు ఏమన్నాయి? 2011లో ఇంగ్లాండులో 4, ఆ వెంటనే ఆస్ట్రేలియాలో 4, పరాయి గడ్డ మీద వరుసగా 8 టెస్టులకు 8 మన జట్టు ఓడింది. ఆస్ట్రేలియాలో లక్ష్మణ్ గారు 4 టెస్టులూ ఆడి 155 పరుగులే చేశారు. అప్పుడు "ముసలివాళ్లయ్యారు, ఇంకా ఎందుకు పట్టుకొని వేలాడుతున్నారు?" అన్నారు. దేశమంతా అన్నది. అంతకు ముందు నవంబరులోనే ఈడెన్ గార్డెన్స్‌లో వెస్టిండీస్ మీద 176 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచిన సంగతి రెండు నెలల్లోనే మరచిపోయారు. తీరా ఆయన దిగిపోయాక "అయ్యో, అప్పుడే వెళ్లిపోయావా!" అన్నారు.

అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయం తెరచి చూడండి. లుస్త్ర అనే పట్టణం. పుట్టు కుంటివాడు లేచి నడిచాడు. అది చూసి జనం పౌలును, బర్నబాను దేవతలని కేకలు వేశారు. ఎద్దులను, పూదండలను తెచ్చి బలి అర్పించబోయారు. ఆ సేవకులిద్దరూ తమ బట్టలు చించుకొని జనంలోకి దూకి, మేమూ మీవంటి స్వభావం గల మనుష్యులమే అని బతిమాలారు. ఆ తర్వాత ఏం జరిగింది? వేరే ఊరినుండి కొందరు వచ్చి చెవిలో నాలుగు మాటలు ఊదేసరికి, అదే జనం మధ్య పౌలు మీద రాళ్లు రువ్వి, చచ్చిపోయాడనుకొని ఊరి బయటికి ఈడ్చివేశారు. పొద్దున పూదండ, సాయంకాలం రాయి! మనిషిని దేవుణ్ణి చేసేవాళ్లే ఆ మనిషిని అంత తొందరగా మట్టిలో కలుపుతారు. ఎందుకంటే దేవుడని అనుకొన్నవాడు ఒక్కసారి తప్పినా మనం ఓర్చుకోలేము. మనిషని తెలిసినవాడు తప్పితే, "పోనీలే, రేపు చూద్దాం" అంటాము.

కాబట్టి మనం నేర్చుకోవలసిన మొదటి పాఠము: ఘనత ఇవ్వండి, పూజ చేయకండి. ఎవనికి సన్మానం చెల్లవలెనో వానికి చెల్లించమని రోమా పత్రిక 13వ అధ్యాయం మనకు నేర్పుతుంది. అది మన మీద ఉన్న అప్పు. కటౌటుకు పాలు పోయడం అప్పు తీర్చడం కాదు. ఆ మనిషి ఓడినప్పుడు కూడా ఆయన చేసిన మేలును మరువకపోవడం, అదే అప్పు తీర్చడం.

ఇక మనకు చాలా దూరమైన ఒక దేశం సంగతి చెప్తాను. ఐర్లాండులో గేలిక్ ఫుట్‌బాల్ అని ఒక ఆట ఉంది. బంతిని చేత్తోనూ పట్టవచ్చు, కాలితోనూ తన్నవచ్చు. ఈ ఆటను నడిపే సంఘాన్ని 1884 నవంబరు 1న స్థాపించారు. తొలి పోషకులలో ఒకరు క్రోక్ అనే ఆర్చిబిషప్పు గారు. డబ్లిన్ నగరంలో 82 వేల మంది పట్టే ఆ ఆట మైదానానికి ఈనాటికీ ఆయన పేరే, క్రోక్ పార్క్. ఈ ఆటలో జట్లు ఎలా ఏర్పడ్డాయో తెలుసా? చాలావరకు చర్చి పారిషులను బట్టి. ఏ పారిషులో పుట్టావో ఆ పారిషు జట్టుకే ఆడాలి. పెద్దవాడివైతే నీ కౌంటీకి, అంటే మన మాటలో జిల్లాకు ఆడాలి. ఎంత గొప్ప ఆటగాడైనా జీతం లేదు. ఆదివారం 80 వేల మంది ముందు ఆడినవాడు సోమవారం పొద్దున బడికి పాఠం చెప్పడానికో, బ్యాంకు కౌంటరు దగ్గర కూర్చోవడానికో వెళ్తాడు.

కెర్రీ కౌంటీ నుండి వచ్చిన కోమ్ కూపర్ అటువంటివాడు. 2002 నుండి కౌంటీకి ఆడాడు, బ్యాంకులో ఉద్యోగం చేసుకొన్నాడు, 2017 ఏప్రిల్‌లో కౌంటీ జట్టునుండి తప్పుకొన్నాడు. ఆయనను ఆ దేశమంతా పొగిడింది. ఎదుటి కౌంటీలవాళ్లు కూడా పొగిడారు. కానీ ఆ పొగడ్తలో ఒక ప్రత్యేకత ఉంది. పొగిడేవాళ్లకు అతడు తెరమీద కనిపించే బొమ్మ కాదు. అతణ్ణి వాళ్లు వీధిలో చూస్తారు. "మా పిల్లవాడు" అనే మాట అక్కడ నిజంగా చెల్లుతుంది. ప్రియులారా, సంఘము కూడా అలాంటిదే. మనకు సేవ చేసిన మనిషి మన వీధిలోనే ఉంటాడు, మన పక్క బల్ల మీదే కూర్చుంటాడు. దూరపు గొప్పవాళ్లకు చప్పట్లు కొట్టే చేతులు పక్క బల్ల మీది మనిషి దగ్గర ఎందుకు ముడుచుకొనిపోతాయి?

మళ్లీ మన హైదరాబాదుకు వద్దాం. 2023వ సంవత్సరంలో 17 రోజుల తేడాతో రెండు సంగతులు జరిగాయి. మార్చి 5వ తేదీన లాల్ బహదూర్ స్టేడియంలో సానియా మీర్జా గారి వీడ్కోలు ఆట జరిగింది. 2005లో హైదరాబాదులోనే మొదటి పెద్ద టైటిల్ గెలిచి, తర్వాత డబుల్స్‌లో 6 గ్రాండ్‌స్లాములు గెలిచి, 2015లో ప్రపంచంలోనే మొదటి స్థానానికి చేరిన ఆడబిడ్డ. చివరి ఆట తన ఊరివాళ్ల ముందే ఆడింది. జనం చేతుల్లో అట్టలు పట్టుకొని వచ్చారు. ఆమె కన్నీళ్లు పెట్టుకొంది. అవి సంతోషపు కన్నీళ్లు. అది చూడ ముచ్చటైన వీడ్కోలు, అలాగే జరగాలి.

దానికి 17 రోజుల ముందు, ఫిబ్రవరి 16న, కలకత్తాలో ఒక 86 ఏళ్ల పెద్దాయన కన్నుమూశారు. ఆయన పేరు తులసీదాస్ బలరాం. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టినవాడు. హైదరాబాదు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం గారి చేతిలో తయారైన ఫుట్‌బాల్ ఆటగాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో మన దేశం ఫుట్‌బాల్‌లో 4వ స్థానంలో నిలిచినప్పుడు ఆయన ఆ జట్టులో ఉన్నారు. 1960 రోమ్ ఒలింపిక్సులో బలమైన హంగరీ మీద గోలు కొట్టారు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చిన జట్టులో ఉన్నారు. మరుసటి సంవత్సరమే ఊపిరితిత్తుల జబ్బు వచ్చి, 27 ఏళ్లకే ఆట మానవలసి వచ్చింది. ఆ జట్టును నడిపించిన రహీం గారు అప్పటికే క్యాన్సరుతో బాధపడుతూ 1963 జూన్‌లో చనిపోయారు. బలరాంతో భుజం కలిపి ఆడిన చునీ గోస్వామికి, పి.కె. బెనర్జీకి పద్మశ్రీ వచ్చింది. బలరాంకు రాలేదు. ఆయన ఆట మానిన తర్వాత ఇంకా 60 ఏళ్లు బతికారు. ఆయన గురించి పత్రికలు పేజీలు నింపింది ఆయన పోయిన మరునాడు.

ఎంత విచారకరం! 60 ఏళ్లు సమయం ఉండింది. ఒక మంచి మాట ఆయన చెవిన పడేలా చెప్పడానికి 60 ఏళ్లు చాలవా? చెవి ఉన్నప్పుడు మాట లేదు. మాట వచ్చేసరికి వినే చెవి లేదు.

మన మద్దికెరలో దసరా నాడు గుర్రాలు పరుగెత్తుతాయి. చుట్టుపక్కల పల్లెల జనమంతా రోడ్డుకు రెండువైపులా నిలబడి ముందు వచ్చే గుర్రాన్ని చూస్తారు. పదేళ్ల క్రిందట ముందు వచ్చిన గుర్రం ఇప్పుడు ఏ పాకలో ఉంది, దానికి గడ్డి వేస్తున్నారా అని అడిగేవాళ్లు ఎంతమంది? మనుషుల విషయంలో కూడా మనం అంతేనా?

మన ప్రాంతంలో రిటైర్మెంటు అనే మాట ఎవరికి ఉంది? గుంతకల్లు రైల్వేలో పనిచేసినవాళ్లకు ఉంది. ఆఖరి దినాన మెడలో దండ వేసి, మేళంతో ఇంటిదాకా తీసుకొని వస్తారు. బడిపంతుళ్లకు ఉంది, శాలువా కప్పుతారు. మరి 10 ఏళ్ల వయస్సులో పత్తి ఏరడం మొదలుపెట్టి, 65 ఏళ్లకు నడుము వంగిపోయి, ఇక చేనుకు పోలేని అవ్వకు? ఎమ్మిగనూరులో మగ్గం గుంటలో కూర్చొని 40 ఏళ్లు నేసి, కళ్లు మసకబారి, పోగు కనబడక లేచిపోయిన నేతన్నకు? ఏటా సుగ్గికి పోయి మిరపకాయలు కోసి కుటుంబాన్ని సాకిన తండ్రికి? వాళ్లకు ఆఖరి దినం ఎప్పుడో ఎవరికీ తెలియదు. ఒకరోజు పనికి పోలేదు, మరుసటి రోజు కూడా పోలేదు, అంతే. మెడలో దండ లేదు, మేళం లేదు. అరుగు మీద ఒక మూల, "ఇంకేం పని చేస్తాదిలే" అనే మాట.

సంఘములో కూడా చూడండి. మన పల్లెల్లో చర్చి గోడ లేవక ముందే కాలినడకన, తర్వాత పాత సైకిలు మీద ఊరూరా తిరిగిన ఉపదేశులు ఉన్నారు. ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లకు అక్షరాలు, పాటలు నేర్పిన బైబిలు స్త్రీలు ఉన్నారు. ప్రతి శనివారం సాయంకాలం చర్చి ఊడ్చి, బిందెతో నీళ్లు తెచ్చి పెట్టిన తల్లులు ఉన్నారు. గంట కొట్టిన తాత ఉన్నాడు. ఇప్పుడు వాళ్లు ఎక్కడ ఉన్నారు? వాళ్లు పోయిన రోజు మనం పెద్ద ఫ్లెక్సీ వేయిస్తాము. కూడలిలో కడతాము. ఆ ఫ్లెక్సీకి పెట్టే డబ్బుతో వాళ్లకు ఒక నెల మందులు వచ్చి ఉండేవి. మందులకంటే ముందు ఒక మనిషి వచ్చి మంచం పక్కన కూర్చొని, "అవ్వా, నువ్వు నేర్పిన పాట నాకింకా వస్తుంది" అని ఒక్క మాట చెప్పి ఉంటే ఆమెకు ఎంత బలం వచ్చేది!

ఇది రెండవ పాఠము: ఘనత ఇవ్వదలిస్తే బతికుండగా ఇవ్వండి. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో పౌలు మిలేతులో ఎఫెసు సంఘ పెద్దలకు వీడ్కోలు చెప్పాడు. వారు ఆయనను మెడ మీద పడి ముద్దు పెట్టుకొని, బిగ్గరగా ఏడ్చి, ఓడ దాకా వెళ్లి సాగనంపారు. ఆయన ముఖం మళ్లీ చూడలేమన్న దుఃఖం వారిది. వారు ఆ దుఃఖాన్ని ఉత్తరంలో రాసి పంపలేదు. ఎఫెసు నుండి మిలేతు దాకా నడిచి వచ్చి, ఎదురుగా నిలబడి చెప్పారు.

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వద్దాం. దిగిపోయేవాడు ఎలా దిగిపోవాలి?

మన వాక్యభాగములో సమూయేలు ప్రవక్త తల నెరసినవాడై ఇశ్రాయేలీయుల ముందు నిలబడ్డాడు. ఆ వీడ్కోలు అతనికి సులువైనది కాదు. జనం రాజు కావాలని అడిగారు, అంటే అతని మాట ఇక చాలన్నారు. అతని కుమారులు తండ్రి త్రోవలో నడవలేదు. ఆ నొప్పి గుండెలో ఉంది. అయినా ఆ రోజు అతడు జనాన్ని దూషించలేదు. తన గొప్పలు చదవలేదు. దేవుని ఎదుట, కొత్త రాజు ఎదుట తన లెక్క తానే అడిగాడు. నేను ఎవరి ఎద్దు తీసుకొన్నాను? ఎవరి గాడిద పట్టుకొన్నాను? ఎవరిని బాధపెట్టాను? ఎవరి దగ్గర లంచం తిని కళ్లు మూసుకొన్నాను? చెప్పండి, ఉంటే తిరిగి ఇస్తాను అన్నాడు. జనమంతా ఒక్క నోటితో, నీవు ఏమీ తీసుకోలేదన్నారు. ప్రియులారా, మనిషికి ఇంతకంటే గొప్ప వీడ్కోలు సన్మానం ఉందా? శాలువా చిరిగిపోతుంది, జ్ఞాపిక బీరువా మీద దుమ్ము పడుతుంది. "ఈ మనిషి మా సొమ్ము ముట్టలేదు" అని ఊరంతా చెప్పిన మాట మనవళ్ల దాకా నిలుస్తుంది.

అంతటితో ఆగలేదు. 23వ వచనంలో, మీ కోసం ప్రార్థన చేయడం మానితే అది నాకు పాపమవుతుందని, మంచి మార్గం మీకు బోధిస్తూనే ఉంటానని చెప్పాడు. కుర్చీ దిగాడు గాని ప్రేమ దిగలేదు. అధికారం విడిచాడు గాని భారం విడువలేదు.

ఇంకొక సంగతి చాలామంది గమనించరు. బైబిలులో రిటైర్మెంటు వయస్సు ఉంది. సంఖ్యాకాండము 8వ అధ్యాయం చివరి వచనాలు చదవండి. లేవీయులు 25 ఏళ్లకు ప్రత్యక్షపు గుడారపు పనిలో ప్రవేశించాలి, 50 ఏళ్లకు ఆ పని మానాలి. మానిన తర్వాత ఇంట్లో కూర్చోమని కాదు. తమ సహోదరులతో కూడ ఉండి కాపలా విషయంలో సాయం చేయాలి, బరువు మోసే పని మాత్రం చేయకూడదు. ఎంత చక్కని ఏర్పాటు చూడండి! మోసే కట్టె చిన్నవాడి భుజం మీదికి పోతుంది. కాపలా కాసే కన్ను పెద్దవాడిది. పెద్దవాడు కట్టె విడవకపోతే చిన్నవాడి భుజానికి బలం ఎప్పుడు వస్తుంది?

ఈ మాట ముందు నాకే చెప్పుకొంటున్నాను. మరి కొన్నేళ్లకు ఆ లేవీయుల వయస్సు నాకూ వస్తుంది. సంఘ పెద్దలారా, కోశాధికారులారా, కార్యదర్శులారా, ప్రేమతో అడుగుతున్నాను. 20 ఏళ్లుగా అదే తాళంచెవుల గుత్తి మన మొలలో ఉంటే, 30 ఏళ్ల యువకుడు ఇంకా కుర్చీలు సర్దే పనిలోనే ఉంటే, అతడు ఒకరోజు కుర్చీలు కూడా సర్దకుండా వెళ్లిపోతాడు. తర్వాత "ఈ కాలపు పిల్లలకు భక్తి లేదు" అని మనం అంటాము. భక్తి లేక కాదు, చోటు లేక వెళ్లాడు.

2012 ఆగస్టులో ఉప్పల్‌లో ఏం జరిగింది? మార్చిలో ద్రవిడ్ గారు, ఆగస్టులో లక్ష్మణ్ గారు తప్పుకొన్నారు. ఇక జట్టు ఏమవుతుందోనని అందరికీ భయం. ఆ హైదరాబాదు టెస్టులో చతేశ్వర్ పుజారా అనే 24 ఏళ్ల యువకుడు 159 పరుగులు చేశాడు. అది అతని మొదటి టెస్టు సెంచరీ. మన జట్టు ఇన్నింగ్స్ 115 పరుగుల తేడాతో గెలిచింది. పెద్దవాళ్లు కూర్చొనిపోయిన చోట చిన్నవాళ్లు మొలవరు. జరిగి చోటిస్తే మొలుస్తారు. లక్ష్మణ్ గారు ఆ తర్వాత ఇంట్లో కూర్చోలేదు. 2021 డిసెంబరులో బెంగళూరులోని జాతీయ క్రికెట్ అకాడమీ బాధ్యత తీసుకొని, రేపటి ఆటగాళ్లను తయారుచేసే పనిలో నిలిచారు. కట్టె దించి కాపలాకు వచ్చారు.

ఇది మూడవ పాఠము: దిగేటప్పుడు లెక్క అప్పజెప్పి, చోటు ఇచ్చి, ప్రార్థన మాత్రం మానకుండా దిగండి.

చివరిగా ఒక మాట. ఈ పూట వింటున్నవారిలో దండ పడనివాళ్లు ఉన్నారు. మీరు చేశారు, ఎవరూ చూడలేదు. పెంచారు, పిల్లలు పట్టణాలకు పోయి ఫోను చేయడం లేదు. సంఘానికి పునాది రాయి మోశారు, శిలాఫలకం మీద వేరేవారి పేరు ఉంది. లక్ష్మణ్ గారికి ప్రపంచ కప్పు దక్కలేదని ఇంతకు ముందు చెప్పాను, బలరాం గారికి పద్మశ్రీ రాలేదని చెప్పాను. ఆ కప్పు లేనందువల్ల 281 పరుగులలో ఒక్కటైనా తగ్గిందా? ఆ బిరుదు రానందువల్ల జకార్తాలో తెచ్చిన పతకం బంగారం కాకుండా పోయిందా? లేదు. చేసిన పని చేసినట్టే ఉంటుంది. మనుషులు మరచినది లేకుండా పోదు. పౌలు తిమోతికి చివరి పత్రిక చెరసాల నుండి రాశాడు. ఆ రోజు ఆయన దగ్గర లూకా ఒక్కడే ఉన్నాడు. కొందరు విడిచిపోయారు. చలికాలానికి ముందు తన అంగీ తెచ్చిపెట్టమని అడుగుతున్నాడు. చప్పట్లు కొట్టడానికి ఎవరూ లేరు. అయినా పరుగు ముగించానని, నీతి కిరీటము తన కోసం ఉంచబడిందని సంతోషంగా రాశాడు. దండ వేసేవాడు ఎవరో అతనికి తెలుసు.

ప్రియ శ్రోతలారా, విని ఊరుకోవద్దు. వచ్చే ఆదివారంలోగా ఒక పని చేయండి. మీకు మేలు చేసి, ఇప్పుడు పని మానిన ఒక మనిషి ఇంటికి వెళ్లండి. చెప్పులు విడిచి, మంచం పక్కన కూర్చోండి. ఫలానా రోజు మీరు నాకు ఫలానా మేలు చేశారని పేరు పెట్టి, సంగతి పెట్టి చెప్పండి. దూరంగా సుగ్గిలో ఉంటే ఫోను చేసి చెప్పండి. శాలువా లేకపోయినా ఫరవాలేదు. యువకులారా, మీ చర్చిలో 70 దాటినవాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాయండి, వాళ్లు ఏ పని చేశారో అడిగి పక్కన రాయండి, ఒక ఆదివారం సంఘమంతటి ముందు చదవండి. వాళ్లు ముందు వరుసలో కూర్చొని తమ చెవులతో వినాలి.

ప్రార్థన చేసుకుందాం. మా తండ్రీ, మా కోసం నడుములు వంచినవారిని బట్టి నీకు స్తోత్రము. మేము మరచినవారిని నీవు మరువలేదు. మా నాలుకల మీద వారికోసం మంచి మాట పెట్టుము. బాధ్యతలలో ఉన్నవారికి శుద్ధమైన చేతులు, సమయం వచ్చినప్పుడు దిగే మనస్సు ఇమ్ము. దండ పడని ప్రతి మెడను నీవే ఆదరించుము. యేసు నామమున అడుగుచున్నాము, ఆమేన్.